అర్జీ ఇచ్చి ఆర్నెల్లయింది, కదలిక లేదు. ఇప్పుడేం చేయాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. విశాఖలో మధురవాడ వైపు కొత్తగా వచ్చిన కాలనీ. పదిహేను మంది కుర్రాళ్లు, నలుగురైదుగురు రిటైరైన పెద్దవాళ్లు ఒక జట్టుగా ఏర్పడ్డారు. వాన పడితే వీధిలో మోకాలి లోతు నీళ్లు, వీధి దీపాలు సగం వెలగవు, పార్కు స్థలంలో చెత్త. 200 సంతకాలతో అర్జీ ఇచ్చి ఆరు నెలలైనా ఉలుకూ పలుకూ లేదు. "ఉత్తరాలు, ఫోన్లు, ఇంటింటి ప్రచారం, వీటితో నిజంగా ఏమైనా అవుతుందా? లేక ఏదో ఒక పార్టీలో చేరిపోవడమే దారా?" అని మీ ప్రశ్న.

అవుతుంది. పార్టీలో చేరనక్కర్లేదు. కానీ మీరు చేసిన పద్ధతిలో మాత్రం కాదు. నేను కంచరపాలెం వైపు ఒక కాలనీలో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకునేదాన్ని. మా కాలనీ సంఘంలో పద్దెనిమిదేళ్లుగా తిరుగుతున్నాను. మీరు చేసిన తప్పే మేమూ చేసి రెండేళ్లు పోగొట్టుకున్నాం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక చిన్న మాట. ఇళ్లకు వెళ్లినప్పుడు "మేం వాలంటీర్లం" అనకండి. మన రాష్ట్రంలో 2019 తర్వాత ఆ మాటకు అర్థం మారిపోయింది. యాభై ఇళ్లకొకరు, నెలకు ఐదు వేలు గౌరవ వేతనం, పెన్షన్ ఇంటికి తెచ్చే మనిషి అనే అందరి మనసులో ఉంది. మీరు వాలంటీర్లమంటే "నా పెన్షన్ సంగతేటి బాబూ?" అని ఒకరు, "ఏ పార్టీ తరఫున?" అని ఇంకొకరు అడుగుతారు. "పక్క వీధి వాళ్లం" అంటే చాలు, లోపలికి రమ్మంటారు.

ఇక మీ అర్జీ. దాని ఫొటో పెట్టారు కాబట్టి చూశాను. అందులో ఐదు సమస్యలున్నాయి. "గౌరవనీయులైన అధికారులకు" అని రాశారు. ఏదో ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దమనిషి చేతికి వేదిక దగ్గర ఇచ్చి ఫొటో దిగారు. ఆయన నవ్వుతూ తీసుకుని పక్కనున్న పీఏకి ఇచ్చారు. ఆ కాగితం అక్కడితో ఆగిపోయింది. దానికి ఇన్‌వార్డు నంబరు (అందినట్టు ఆఫీసు వేసే నంబరు) లేదు, ఏ సెక్షన్‌కి పోయిందో తెలీదు, రేపు ఎవర్నైనా నిలదీయాలంటే మీ చేతిలో ఉన్నది ఆ ఫొటో ఒక్కటే.

ఆఫీసులో పని ఎలా నడుస్తుందో ఒకసారి మనసులో గీసుకోండి. కాగితం ముందు ఉత్తరాలు తీసుకునే తపాల్ సెక్షన్‌లో నంబరు వేయించుకుంటుంది. అక్కడి నుంచి సంబంధిత విభాగానికి, వాళ్ల నుంచి ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజినీరుకు వెళ్తుంది. ఏఈ వచ్చి చూసి ఎస్టిమేట్ (ఖర్చు అంచనా) వేయాలి. దానికి పైవాళ్ల మంజూరు కావాలి, నిధులు ఏ పద్దు కిందో తేలాలి, పని పెద్దదైతే స్టాండింగ్ కమిటీకో కౌన్సిల్‌కో పోవాలి, ఆ తర్వాత టెండరు. ఈ దారిలో కాగితం ఎక్కడైనా ఆగొచ్చు. ఆగిన చోట కూర్చున్న మనిషి చెడ్డవాడు కానక్కర్లేదు, చాలాసార్లు ఆయన టేబుల్ మీద మీ కాగితం లాంటివి నూట యాభై ఉంటాయి. ఏ టేబుల్ దగ్గర ఆగిందో తెలుసుకుని మర్యాదగా మళ్లీ మళ్లీ వెళ్లే మనిషి ఉన్న కాగితమే ముందుకు జరుగుతుంది. మా అనుభవం మొత్తం ఇంతే.

మా సంగతి చెబుతాను. మా కాలనీ వెనక ఒక గెడ్డ, అంటే వాగు, ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు దాని రక్షణ గోడ ఓ యాభై అడుగుల మేర కూలిపోయింది. ఆ తర్వాత ప్రతి వానాకాలం నీళ్లు మా ఇళ్లలోకే. అప్పటికి నగరంలో ఎన్నికైన కౌన్సిలే లేదు. 2007లో గెలిచినవాళ్ల పదవీకాలం 2012లో అయిపోయింది, మళ్లీ ఎన్నికలు 2021 మార్చిలో గానీ జరగలేదు. అంటే తొమ్మిదేళ్లు కార్పొరేటర్ అనే మనిషే లేడు. ఉన్నదల్లా అధికారులు, ఎమ్మెల్యే. మేమూ మీలాగే మూడు వందలకు పైగా సంతకాలు పెట్టించి ఒక సభలో ఇచ్చాం. ఏమీ కాలేదు. మళ్లీ ఇచ్చాం. మళ్లీ అంతే. "వీళ్లకి పట్టదు" అనుకుని ఇళ్లలో కూర్చుని తిట్టుకున్నాం.

మా సంఘంలో ఒకాయన ఉండేవారు, రిటైరైన హెడ్ క్లర్కు. ఆయన మూడో అర్జీ తనే రాశారు. ఒకటే పేజీ. ఒకటే సమస్య. సంబంధిత ఇంజినీరు హోదా పేరుతో చిరునామా. రెండు ఫొటోలు, వాటి మీద తేదీ. తపాల్‌లో ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర, నంబరు వేయించుకున్నారు. నెల తర్వాత ఆ నంబరు చెప్పి అడిగితే సరైన సమాధానం రాలేదు. అప్పుడు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టారు. "ఎందుకు చేయలేదు?" అని అడగలేదు. ఆ ప్రశ్నకు జవాబివ్వాల్సిన పని వాళ్లకు లేదు. "ఫలానా నంబరు అర్జీ ఏ తేదీన ఎవరి దగ్గరికి వెళ్లింది, నోట్ ఫైలు (దాని మీద అధికారులు రాసింది) కాపీ ఇవ్వండి, ఫైలు చూడటానికి అనుమతించండి" అని అడిగారు. ముప్పై రోజుల్లోపు చూపించాలి. చూపించారు.

అక్కడ మాకు నోట మాట రాలేదు. మేం ఇవ్వకముందే ఎస్టిమేట్ వేసి ఉంది! పక్కన ఒక్క వాక్యం: "స్థానికుల అభ్యంతరం వలన పెండింగ్."

ఏ స్థానికులు? మేమే కదా స్థానికులం! ఆరా తీస్తే తేలింది. గెడ్డకు అవతలి ఒడ్డున, కొండవాలు మీద ఓ అరవై ఇళ్లున్నాయి. సర్వేకి వచ్చిన సిబ్బందిని వాళ్లు వెనక్కి పంపేశారు. గోడ కడితే గెడ్డ హద్దులు కొలుస్తారు, కొలిస్తే తమ ఇళ్లు ఆక్రమణలంటారు, కూల్చేస్తారు. ఇదీ వాళ్ల భయం. మేం ఎన్ని సంతకాలు సేకరించినా వంతెన దాటి ఆ ఒడ్డుకు ఒక్కసారి కూడా వెళ్లలేదు. మా ఇళ్లలో అంట్లు తోమే ఆవిడ ఆ ఒడ్డు నుంచే వచ్చేది, ఆమెనైనా అడగలేదు. మొదటిసారి వెళ్తే ఒక ముసలమ్మ ముఖం మీదే అడిగింది: "గోడ మీకు, గునపం మాకా తల్లీ?"

ఆ తర్వాత ఆరు నెలలు మేం ఏ ఆఫీసుకీ వెళ్లలేదు. ఆ ఒడ్డుకే వెళ్లాం. డ్వాక్రా సంఘాల మీటింగు రోజు వెళ్లి కూర్చునేవాళ్లం. వాళ్ల వైపు కూడా వానకు మట్టి జారుతోంది, మెట్లు కొట్టుకుపోయాయి, వీధి కుళాయిలో బురద నీళ్లు. చివరికి అర్జీ మారింది. "గోడ రెండు వైపులా కట్టాలి, ఇప్పుడున్న ఇళ్ల జోలికి పోకుండా అలైన్‌మెంట్ (గోడ వెళ్లే దారి) ఇవ్వాలి, మెట్లు బాగు చేయాలి." కింద రెండు ఒడ్లవాళ్ల సంతకాలు. ఆ కాగితం పట్టుకుని వెళ్లిన రోజు ఇంజినీరు గారు మాకు కుర్చీ వేయించారు. ఆయనకు కావాల్సిందీ అదే, గొడవ లేకుండా పని చేసుకునే వీలు. ఒక వైపు గోడ 2018 వానలకు ముందే లేచింది.

కాబట్టి మీరు మొదట కనుక్కోవాల్సింది, మీ పని జరగకపోతే ఎవరికి లాభం, జరిగితే ఎవరికి భయం అన్నది. మీ పార్కు స్థలంలో చెత్త వేసేది ఎవరు? వాళ్లకు వేరే చోటు ఉందా? నీళ్లు మీ వీధిలో నిలబడకుండా కాలువ తీస్తే అవి ఎవరి వీధిలోకి పోతాయి? మధురవాడలో కొండల మీద నుంచి దిగే నీళ్లకు దారి మూసి లేఅవుట్లు వేసిన చోట్లు ఉన్నాయి. మీ కింది కాలనీవాళ్లు మీ అర్జీకి వ్యతిరేకంగా ఇంకో అర్జీ ఇచ్చి ఉండొచ్చు, ఆశ్చర్యపోకండి.

కొత్త కాలనీ అన్నారు కాబట్టి ఇంకొకటి. మీ లేఅవుట్‌కు అనుమతి ఉందా, రోడ్లు, ఖాళీ స్థలం కార్పొరేషన్‌కు రిజిస్టర్ చేసి అప్పగించారా, ఇది ముందు చూడండి. అప్పగించకపోతే ప్రజాధనంతో అక్కడ రోడ్డు వేయడానికి వాళ్లకు చిక్కు. అలాంటప్పుడు మీ మొదటి ఉత్తరం వీధి దీపాల గురించి కాదు, అప్పగింత గురించి ఉండాలి, అదీ బిల్డర్‌ని కూడా అందులోకి లాగి. ఆ కాగితం లేకుండా వంద ఉత్తరాలు రాసినా గోడకు చెప్పుకున్నట్టే.

ఎవరికి రాయాలో కూడా చాలామందికి గజిబిజిగా ఉంటుంది. చెత్త, కాలువ, వీధి దీపం, వార్డు రోడ్డు అయితే ముందు వార్డు సచివాలయం. అక్కడ అమెనిటీస్ సెక్రటరీ, శానిటేషన్ సెక్రటరీ వేర్వేరుగా ఉంటారు, ఒకరి పని ఇంకొకరికి చెప్పి లాభం లేదు. తర్వాత జోనల్ ఆఫీసు, ఆ తర్వాతే ఆశీల్‌మెట్ట దగ్గర తెన్నేటి భవన్. జాతీయ రహదారి, రైల్వే, పోర్టు, స్టీల్ ప్లాంట్ సంగతులైతే ఎంపీ. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు, అవి ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లకు పంచాలి. మీ వీధి కాలువ కోసం ఎంపీ ఇంటి ముందు నిలబడటం అనవసరం. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లోనూ జీవీఎంసీలోనూ (మన నగర కార్పొరేషన్) అర్జీలు తీసుకుంటారు. ఈ కార్యక్రమం ఒకప్పుడు మీకోసం, తర్వాత స్పందన, ఇప్పుడు పీజీఆర్ఎస్. పేరు ప్రభుత్వంతో పాటు మారుతుంది గానీ రోజు సోమవారమే. అక్కడిచ్చే నంబరు జాగ్రత్త. సమస్య అలాగే ఉన్నా పరిష్కారమైందని మెసేజ్ వస్తే ఊరుకోకండి. అదే రోజు ఫొటో తీసి, పాత నంబరు రాసి, మళ్లీ తెరవమని అడగండి.

ఉత్తరం ఎలా ఉండాలంటే, చదివినవాడు ఒక్క నిమిషంలో ఏం చేయాలో అర్థం చేసుకోవాలి. మేం వాడే నమూనా:

"విషయం: ఫలానా వార్డు, ఫలానా వీధి చివర కల్వర్టులో పూడిక. అయ్యా, ఈ కల్వర్టులో మట్టి నిండి వాన నీరు 40 ఇళ్లలోకి వస్తోంది. గత నెల 12న, 19న తీసిన ఫొటోలు జతచేశాం. జూన్ వానలకు ముందే పూడిక తీయించమని కోరుతున్నాం. మీ సిబ్బంది వచ్చే రోజు చెబితే మా తరఫున ఇద్దరం దగ్గరుండి చూపిస్తాం. మా గత అర్జీ నంబరు ఇదీ, తేదీ ఇదీ."

అంతే. దేశం ఎటు పోతోంది, పన్నులు కడుతున్నాం కదా, ఇవేవీ వద్దు. "దగ్గరుండి చూపిస్తాం" అన్న వాక్యం మాత్రం తప్పకుండా రాయండి, రాస్తే నిజంగా ఉండండి కూడా. తెలుగులోనే రాయండి. ఇంగ్లిష్‌లో రాస్తే గౌరవం ఎక్కువ వస్తుందనుకుంటారు కొందరు. కింద సిబ్బంది చదవకుండా పైవాళ్లకు పంపేస్తారు, అంతే.

ఇదే పని పెద్ద స్థాయిలో ఎలా చేస్తారో చూడాలంటే మన ఊళ్లోనే ఉన్నారు ఇ.ఎ.ఎస్.శర్మ గారు. కేంద్రంలో విద్యుత్ శాఖ, ఆర్థిక వ్యవహారాల శాఖ కార్యదర్శిగా చేసి రిటైరై విశాఖలో స్థిరపడ్డారు. ముఖ్యమంత్రులకు, కేంద్ర మంత్రులకు, ఎన్నికల సంఘానికి ఆయన రాసే బహిరంగ లేఖలు ఎన్నో ఏళ్లుగా పేపర్లలో చూస్తున్నాం. వాటిలో ఎవరినీ తిట్టరు. ఏ చట్టం, ఏ సెక్షన్, ఏ తీర్పు, ఎవరి బాధ్యత, ఇవి మాత్రం ఉంటాయి. మనకు ఆ చదువు, ఆ హోదా లేకపోవచ్చు. ఆ పద్ధతి నేర్చుకోవడానికి అడ్డేమీ లేదు.

ఫోన్ల విషయంలో మేం ఒకసారి చేతులు కాల్చుకున్నాం. 2021లో కొత్త కార్పొరేటర్ వచ్చిన కొత్తలో ఉత్సాహం కొద్దీ ఒకే రోజు ఇరవై మందిమి ఫోన్ చేశాం. మధ్యాహ్నానికి ఫోన్ స్విచ్ఛాఫ్. మర్నాడు ఆ ఇంటి మనిషి ఒకాయన మా వీధిలోకొచ్చి "ఏటమ్మా, మా మీద దండయాత్రా?" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పులేదు. ఆ తర్వాత వంతులు వేసుకున్నాం. వారానికి ఇద్దరే, ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిలోపు, రెండు నిమిషాలకు మించకుండా. పేరు, వీధి, అర్జీ నంబరు, ఒక్క ప్రశ్న: "ఎస్టిమేట్ పైకి వెళ్లిందా సార్?" సమాధానం నోటుబుక్కులో తేదీతో రాసుకోవడం. వచ్చే వారం ఇంకొకరు చేసి "పోయిన మంగళవారం మీరు ఇలా అన్నారట" అని అక్కడి నుంచి అందుకోవడం. ఇది పనిచేసింది. అవతలి మనిషికి కోపం రాదు, మర్చిపోవడానికీ వీల్లేదు.

స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలకే. చాలా వార్డుల్లో ఫోన్ ఎత్తేది మాత్రం ఆవిడ భర్తో అన్నగారో. ఆయనతో గొడవ పెట్టుకోకండి, కానీ "మేడమ్‌తో మాట్లాడాలి" అని ప్రతిసారీ అడగండి. ఆడవాళ్లు అడిగితే ఇంకా మంచిది. నాలుగైదుసార్లు అడిగాక మేడమే ఎత్తడం మొదలైంది మా దగ్గర. ఆవిడకి వార్డు సంగతులు ఆయనకంటే బాగా తెలుసని అప్పుడర్థమైంది.

ఎన్నికలకొస్తే, మీరు తక్కువ అంచనా వేస్తున్నది ఇక్కడే. 2021 ఎన్నికలప్పుడు జీవీఎంసీలో 98 వార్డులు. మొత్తం ఓటర్లు సుమారు 17.5 లక్షలు, అంటే వార్డుకు సగటున పద్దెనిమిది వేల లోపు. వేసేది మూడింట రెండు వంతులు కూడా ఉండదు. అందులో ముగ్గురు నలుగురు గట్టి అభ్యర్థులు పంచుకుంటే ఒక కాలనీ ఓట్లు ఎంత బరువో మీరే లెక్కేసుకోండి. అసెంబ్లీ ఎన్నికలైతే ప్రతి పోలింగ్ కేంద్రంలో ఎవరికెన్ని వచ్చాయో ఫారం 20లో ఉంటుంది, అది ఎవరైనా చూడొచ్చు. నాయకులు దాన్ని మీకంటే శ్రద్ధగా చదువుతారు. "ఈ బూత్ వాళ్లు ఓటే వేయరు" అని తెలిస్తే మీ అర్జీ కిందికి పోతుంది. అపార్ట్‌మెంట్ల బూత్‌లలో ఈ జబ్బు ఎక్కువ. పోలింగ్ రోజు సెలవని అరకు వెళ్లిపోతారు, తర్వాత రోడ్డు లేదని నన్ను అడుగుతారు!

అందుకే మా ప్రచారం ఎవరికీ ఓటేయమని కాదు. ఇంటింటికీ వెళ్లి ఓటు ఉందా, ఏ బూత్‌లో ఉంది, అద్దెకొచ్చినవాళ్లు పాత ఊళ్లోనే ఉంచుకున్నారా అని జాబితా రాశాం. కొత్త ఓటుకు ఫారం 6, చిరునామా మార్పుకు, తప్పులకు ఫారం 8. బీఎల్‌ఓ (బూత్ స్థాయి ఎన్నికల అధికారి) ఫోన్ నంబరు ప్రతి లిఫ్ట్ దగ్గర అతికించాం. ఇప్పుడు పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు ఏడాదిలో నాలుగు అర్హత తేదీలున్నాయి కాబట్టి జనవరి దాకా ఆగక్కర్లేదు. కార్పొరేషన్ ఎన్నికల జాబితా కూడా అసెంబ్లీ జాబితాను బట్టే తయారవుతుంది, నోటిఫికేషన్ వచ్చాక పరుగులు పెడితే ఆలస్యం. డిగ్రీ ఉన్నవాళ్లకు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు వేరు. దానికి ప్రతి ఎన్నికకూ కొత్తగా ఫారం 18 ఇవ్వాలి. పోయినసారి ఇచ్చాం కదా అని ఊరుకుని 2023లో ఓటు పోగొట్టుకున్న లెక్చరర్లు మా కాలనీలోనే ఉన్నారు.

అభ్యర్థులతో మాకు ఒక అదృష్టం కలిసొచ్చింది. 2020 మార్చిలో నామినేషన్లు అయ్యాక కరోనాతో ఎన్నికలు ఆగిపోయాయి. మళ్లీ ఆగిన చోట నుంచే మొదలై 2021 మార్చి 10న పోలింగ్ జరిగింది. అంటే ఏడాది పాటు అభ్యర్థులు అభ్యర్థులుగానే ఉన్నారు. లాక్‌డౌన్‌లో కూరగాయలు పంచినవాళ్లున్నారు, ముఖం చాటేసినవాళ్లున్నారు, అందరూ చూశారు. పోలింగ్‌కు ముందు ఒక్కొక్కరినీ విడివిడిగా కమ్యూనిటీ హాలుకు పిలిచాం. దండలు లేవు, శాలువాలు లేవు, టీ ఒక్కటే. మూడే కోరికలు కాగితం మీద రాసి ఇచ్చాం: రెండో వైపు గోడ, మెట్లు, వీధి దీపాలు. "గెలిస్తే ఏడాదిలో చేస్తారా? సంతకం పెట్టండి" అన్నాం. ముగ్గురు పెట్టారు, ఒకరు నవ్వి వెళ్లిపోయారు. ఆ కాగితాలు లామినేషన్ చేయించి హాల్లో తగిలించాం. గెలిచినవాళ్లు ఆ హాల్లోకి వచ్చిన ప్రతిసారీ వాళ్ల సంతకం వాళ్లకే కనిపించేది. దీపాలు రెండు నెలల్లో వచ్చాయి. మెట్లకు ఏడాదిన్నర పట్టింది. గోడ రెండో వైపు ఇంకా పది అడుగులు మిగిలే ఉంది, అబద్ధం చెప్పను.

పని జరిగినప్పుడు పేరు వాళ్లకే ఇవ్వండి. ప్రారంభోత్సవానికి వెళ్లండి, చప్పట్లు కొట్టండి, పేపర్ వాళ్లకు ఫొటో మీరే పంపండి. దీనికి మా కుర్రాళ్లు ఒప్పుకోలేదు, "తిరిగింది మనం, పేరు వాళ్లకా?" అని. మరుసటి పని అడగడానికి అదే మీ పెట్టుబడి.

మీలో కొందరు విడిగా ఫలానా అభ్యర్థికి పనిచేస్తామంటే చేయనివ్వండి. సంఘం పదవి మాత్రం ఎన్నికల ప్రచారం నడిచే ఆ రెండు నెలలు వదిలేయాలి, వాట్సాప్ గ్రూపులో పార్టీ పోస్టులు పెట్టకూడదు. కరపత్రం వేస్తే ప్రింటర్ పేరు, ప్రచురించినవాళ్ల పేరు ఉండాలి. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయన కోసం మీ డబ్బు ఖర్చు పెట్టడం నేరం, అభిమానం అనుకోకండి. మన ఊళ్లో ఇంకో చిక్కు: ప్రతి జట్టులోనూ డాక్‌యార్డు, రైల్వే, స్టీల్ ప్లాంట్, పోర్టు ఉద్యోగులుంటారు. సర్వీసులో ఉన్నవాళ్లు, ముఖ్యంగా ప్రభుత్వోద్యోగులు, పార్టీ ప్రచారంలో కనిపిస్తే ఉద్యోగానికే ముప్పు. కాలువ అర్జీ మీద సంతకం వేరు, జెండా పట్టుకోవడం వేరు. ఎవరి సర్వీసు రూల్సు వాళ్లను చూసుకోమని మొదటి మీటింగులోనే చెప్పండి.

ఉత్తరాలకు అసలు బలం ఎక్కడుంటుందంటే, చట్టమే అభ్యంతరాలు అడిగిన చోట. 2021లో ఆస్తి పన్నును స్థలం, ఇంటి విలువ ఆధారంగా మార్చినప్పుడు ముసాయిదా ఇచ్చి అభ్యంతరాలు అడిగారు. మాస్టర్ ప్లాన్-2041కీ అడిగారు. విద్యుత్ చార్జీల మీద ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ మండలి) బహిరంగ విచారణలు విశాఖలో కూడా జరిగాయి. పెద్ద పరిశ్రమ పెట్టాలన్నా, పెంచాలన్నా పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణకు ముప్పై రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ఈ గడువులు చిన్న అక్షరాల్లో పేపర్లో వస్తాయి. మీ జట్టులో ఒక్కరికి ఆ ప్రకటనలు చదివే పని అప్పగించండి. ఇక్కడ మాత్రం 300 సంతకాల ఒక కాగితం కంటే మూడు వందల విడి ఉత్తరాలు మేలు, ఒక కాగితం ఒక అభ్యంతరంగానే లెక్కలోకి పోయే అవకాశం ఎక్కువ.

పెద్ద విషయాల్లో ఫలితం వేరేలా వస్తుంది. చెత్త పన్ను 2021లో వచ్చింది, ఇంటికి నెలకు 120 రూపాయల దాకా. జీవీఎంసీ ఆఫీసు ఎదుట గాంధీ విగ్రహం దగ్గర ధర్నాలు, నివాసుల సంఘాల లేఖలు, కట్టబోమన్న తీర్మానాలు మూడేళ్లు నడిచాయి. 2024లో ప్రభుత్వం మారింది, ఏడాది చివరికి ఆ పన్ను రద్దయింది. ఉత్తరాలతో పోయిందా, ఓట్లతో పోయిందా అంటే నేను ఓట్లతోనే అంటాను. కానీ ఉత్తరాలు లేకపోతే అది ఎన్నికల హామీల్లోకి ఎక్కేది కాదు. స్టీల్ ప్లాంట్ సంగతి మీకు తెలిసిందే. 2021 జనవరిలో వంద శాతం అమ్మకానికి కేంద్రం ఒప్పుకుంది, ఆ ఫిబ్రవరి నుంచే కూర్మన్నపాలెంలో ఉద్యమ శిబిరం. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. అమ్మకం నిర్ణయాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోవాలన్న డిమాండ్ మాత్రం అలాగే ఉంది. అంత పెద్ద ఉద్యమానికే అన్నేళ్లు పట్టి సగం దక్కింది. మీ ఆర్నెల్ల నిరాశను దాని పక్కన పెట్టి చూడండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఐదు సమస్యల్లోంచి వాన నీటిది ఒక్కటే తీసుకోండి, మిగతావి పక్కన పెట్టండి. లేఅవుట్ కాగితాలు ఎవరి దగ్గరున్నాయో ఈ వారంలో తేల్చండి. కింది కాలనీకి ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు పెద్దవాళ్లు వెళ్లి నీళ్లు అటు ఎలా పోతున్నాయో వాళ్లతోనే నడిచి చూడండి. అప్పుడు ఉత్తరం రాయండి. సోమవారం వెళ్లేటప్పుడు రెండు కాపీలు పట్టుకెళ్లండి, ముద్ర పడిన కాపీని, నంబరు వేసిచ్చే రసీదును అక్కడే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మా హెడ్ క్లర్కు గారి మాట, థర్మల్ కాగితం మీద అచ్చేసిన రసీదుల మీద అక్షరాలు ఏడాదికి చెరిగిపోతాయి.